పది రోజుల జ్వరం

ఈ జన్మలో నాకు బాగా చేతనైన పని ఒక్కటే. పదిమందిని ఒక చోటినుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళకు చేర్చడానికి ప్లాను వేయడం. కొండ ఎక్కడంలో నేను అంతంత మాత్రమే. నేను వేసిన తాడు ముడిని మా కొండలెక్కే క్లబ్బు పెద్ద, అందరూ అన్న అనే అర్థంలో దా అని పిలిచే అనిమేష్‌దా ఒక్క మాటా అనకుండా విప్పి మళ్ళీ వేసేవాడు. కానీ ఎవరు ఏ బండి ఎక్కాలి, అటుకులు ఎవరి సంచిలో ఉండాలి, ఎన్నింటికి కొండ దిగడం మొదలుపెడితే తిరుగు పాసింజరు అందుతుంది, ఇలాంటివి నా చేతిలో పెడితే ఇక చూసుకోనక్కర్లేదని అందరూ అనేవాళ్ళు. మొన్న నా స్నేహితుడు సూరిబాబు పోయాడని వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట తట్టింది కలకత్తాలో ఇప్పుడు నేనుండే సాల్ట్ లేక్ నుంచి గంగ అవతలి సంత్రాగాఛికి ఏ బస్సు త్వరగా వెళ్తుందన్నదే. ఏడుపు తర్వాత వచ్చింది. అదీ బస్సులో, గంగ దాటుతుంటే వచ్చింది. పక్కనున్నావిడ కొంచెం జరిగి కూర్చుని కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టింది.

నేను పెరిగింది సంత్రాగాఛి యార్డును ఆనుకుని ఉన్న రైల్వే క్వార్టర్లలో. మా వరసలో సగానికి పైగా ఇళ్ళు పలాస, సోంపేట, టెక్కలి వైపునుంచి వచ్చినవాళ్ళవే. సాయంత్రమయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగలో బెంగాలీ ఇళ్ళ ఆవనూనె వాసనా మన ఇళ్ళ ఎండు నెత్తళ్ళ వాసనా కలిసిపోయేవి. కొత్తగా వచ్చినవాళ్ళకు కడుపులో తిప్పేది, మాకు ఆకలేసేది. మా నాన్న పాయింట్స్‌మన్, పట్టాలు మార్చే పని. ఇంట్లో కూర్చున్నా ఆయన చెవులు యార్డులోనే ఉండేవి. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, దూరంగా కూత వినబడితే అక్కడే ఆపి, గోడ గడియారం చూసి, ఆ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పి, అప్పుడు తినేవాడు. అమ్మ ఈ అలవాటు మీద బతికినన్నాళ్ళూ విసుక్కుంది. కూర చల్లారిపోతోందనేది, రైలు నీకేమైనా మేనల్లుడా అనేది. నాకు మాత్రం ఆయన పోలికే వచ్చింది. బళ్ళో లెక్కలు రాలేదు కానీ టైంటేబుల్ పుస్తకం మొత్తం నోటికొచ్చేది. చదువు అయ్యాక అదే యార్డాఫీసులో గుమాస్తాగా చేరాను.

క్లబ్బంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. దుర్గాపూజ జరిగే మైదానం వెనక రేకుల గది, అందులో ఒక క్యారమ్ బోర్డు, మేకులకు వేలాడే తాళ్ళు, ఒక తుప్పు పట్టిన ట్రంకు. తాళ్ళు తడిసి ఆరిన వాసన, ఆవనూనె కలిపిన మరమరాల వాసన ఆ గదిలో ఎప్పుడూ ఉండేవి. కలకత్తాలో ఇలాంటి క్లబ్బులు ప్రతి పేటకూ ఉండేవి. చుట్టూ కనుచూపుమేర ఒక్క గుట్ట కూడా లేని ఊరు, ఇక్కడివాళ్ళకు మాత్రం కొండలంటే చెప్పలేనంత పిచ్చి. అనిమేష్‌దా బళ్ళో భూగోళం చెప్పేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏడాదికోసారి హిమాలయాలకు, శీతాకాలమంతా బాంకురా, పురూలియా గుట్టలకు జనాన్ని తీసుకెళ్ళేవాడు. గుమాస్తాలు, వెల్డర్లు, బళ్ళో పంతులమ్మలు, ఎవరొచ్చినా కాదనేవాడు కాదు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. వేరే క్లబ్బుల్లో ఉండేదో లేదో తెలీదు. బయల్దేరేముందు గురువారం అందరం కూర్చున్నప్పుడు ఒక కాగితం చేతులు మారేది. ప్రతివాడూ తన పేరు రాసి, దాని పక్కన తనకు చేతకానిది ఒకటి రాయాలి. చేతనైనవి ఎవడూ రాయకూడదు. ఎత్తుకు కళ్ళు తిరుగుతాయని ఒకరు, కొత్త బూట్లకు కాళ్ళు బొబ్బలెక్కుతాయని ఒకరు, అన్నం లేకపోతే పూట గడవదని ఒకరు రాసేవాళ్ళు. ఆ కాగితం నాకిచ్చేవాడు. చేతకానివన్నీ చూసుకుంటూ ప్లాను వేయాలి, బలమైనవాడు ఎలాగూ వచ్చేస్తాడు, వాడికి ప్లాను అక్కర్లేదు అనేవాడు. నేను ఎప్పుడూ ఆకలికి ఆగలేనని రాసేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. సూరిబాబు మొదటిసారి వచ్చినప్పుడు చాలాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుని, కాదనడం రాదని రాశాడు. అది కొండ మీద ఏం అడ్డం వస్తుందని నేను కొట్టేయబోతే అనిమేష్‌దా ఉంచమన్నాడు.

సూరిబాబుది పలాస దగ్గర ఊరు. నాకంటే ఏడాది చిన్న. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి జీడిపిక్కలు ఒలిచి చదివించింది. రైల్వే పరీక్ష రాసి అసిస్టెంట్ డ్రైవరుగా వచ్చాడు. మా తెలుగు వరసల్లో అప్పటిదాకా పట్టాల మీద పనిచేసినవాళ్ళే కానీ ఇంజనెక్కినవాడు లేడు. ఇంజను ఉద్యోగానికి కళ్ళు, చేతులు, కాళ్ళు అన్నీ పరీక్షించి ఏ-వన్ అని రాస్తేనే తీసుకుంటారు. ఆ కాగితం వచ్చినరోజు మా అమ్మ వాడికి దిష్టి తీసింది. వాడి కోరిక ఒక్కటే. ఎప్పటికైనా డ్రైవరై, మెయిలు బండి తోలుకుంటూ పలాస స్టేషన్లో ఆపాలి, ప్లాట్‌ఫారం మీద వాళ్ళమ్మ నిలబడి చూడాలి. ఇది మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా వాళ్ళమ్మ ఏ చీర కట్టుకుంటుందో కూడా చెప్పేవాడు.

ఆ చలికాలం సుసునియా గుట్ట దగ్గర రాళ్ళెక్కడం నేర్పే శిబిరం పెట్టాం. మూడు రోజులు. సరుకుల బళ్ళు ఊపిరాడకుండా నడుస్తున్న రోజులు, నాకూ వాడికీ సెలవు ఇవ్వలేదు. వాడు పోనీలే ఈసారికి మానేద్దామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ప్లాను వేయడమంటే అడ్డం వచ్చినదాన్ని తప్పించడమే కదా అని నా గర్వం. మా క్వార్టర్లలో అందరికీ తెలిసిన దారి ఒకటుంది. ఊరెళ్ళాం, అక్కడ జ్వరం తగిలింది అని ఊరి డాక్టరు చేత సర్టిఫికెట్ పంపించడం. రెండు రోజులు ఎలాగూ మాకు రావలసిన విశ్రాంతి ఉంది, ఆ రెండు రోజుల్లో ఊరెళ్ళినట్టు చెప్పాం. పలాసలో మా మేనమామకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. ఉత్తరం రాశాను. అందులోనే నా తెలివి చూపించాను. మూడు రోజుల జ్వరం అంటే ఎవడు నమ్ముతాడు, టైఫాయిడ్ అని పది రోజులు రాయించాను. ఇద్దరికీ. శిబిరం అయిపోయాక మిగిలిన వారం ఇంట్లో పడుకోవచ్చని సూరిబాబుకు చెబితే, వాడు నా తెలివికి మురిసిపోయాడు.

సుసునియాకు ఛాత్నా స్టేషన్లో దిగి బస్సెక్కి వెళ్ళాలి. గుట్ట కింద రాతిలోంచి ఊట నీళ్ళు ధారగా పడుతుంటాయి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బిందెలు పట్టుకునేవాళ్ళు. పొద్దున్నే ఈత రసం కుండల్లో వచ్చేది. తలో గ్లాసు తాగి, ఘుగ్నీ అనే బఠాణీ కూరతో మరమరాలు తిని రాళ్ళ మీదికి పోయేవాళ్ళం. అంత సంతోషంగా నేను ఎప్పుడైనా ఉన్నానా అంటే గుర్తు లేదు. సూరిబాబు రాయి ఎక్కుతుంటే చూడాలి. ఎక్కడా తొందరపడడు, ఒక్కో పట్టూ దొరికాక దాన్ని ఒకసారి నిమిరి అప్పుడు బరువు వేసేవాడు. వచ్చే ఏడు వీణ్ణి పైకి తీసుకెళ్తానని అనిమేష్‌దా నాతో అన్నాడు. పైకి అంటే మంచు కొండలకు. మూడోరోజు పొద్దున మంచుకు రాయి ఇంకా తడిగా ఉంది. దిగుతూ, ఇంక నిలువెత్తు దూరం ఉందనగా కాలు జారి, కుడిచెయ్యి ఊనుకుని పడ్డాడు. ఆ పడటంలో ఎవరి తప్పూ లేదు. తాడు సరిగ్గానే ఉంది, పట్టుకున్నవాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ మాట ఇన్నేళ్ళలో నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను, అది నిజం కూడాను. తప్పు ఆ తర్వాత మొదలైంది.

మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి కనబడుతోంది. బాంకురా ఆస్పత్రి గంట దూరమే, వెంటనే పోదామని అనిమేష్‌దా బస్సు కోసం మనిషిని పంపాడు. నేను సూరిబాబును పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. వాడి మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఏటి చేద్దాం రామ్మూర్తీ? నువ్వు చెప్పు" అన్నాడు.

"ఆస్పత్రిలో పేరు రాస్తారు, తారీఖు రాస్తారు. కాయితాల మీద మనం పలాసలో మంచం మీద ఉన్నాం. తెలిస్తే డిస్మిస్ చేసేస్తారురా."

వాడు వంకర తిరిగిన చేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అయితే ఇంటికే పోదాం" అన్నాడు.

అనిమేష్‌దా నాతో చాలా గట్టిగా పోట్లాడాడు. చివరికి ఆయన సూరిబాబునే అడిగాడు, సూరిబాబు నావైపు చూసి వద్దన్నాడు. వాడికి కాదనడం రాదని ఆ కాగితం మీద చదివినవాణ్ణి నేనే. అది చదివి కూడా నేను చెప్పిందే వాడిచేత చెప్పించాను. ఆ రోజు తిరుగు పాసింజరు సరిగ్గా అందింది. నా ప్లానులో అది ఒక్కటి ఎప్పుడూ తప్పలేదు.

వాడు నలుగురు డ్రైవర్లతో కలిసి ఒక క్వార్టర్లో ఉండేవాడు, అక్కడికి పోతే అందరూ చూస్తారు. అందుకని చీకటి పడే వేళకు మా ఇంటి వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చి చిన్న గదిలో పడుకోబెట్టాం. వీధి తలుపు వేసేశాం. మేం ఊళ్ళో ఉన్నాం కదా. అమ్మ రెండిళ్ళ అవతలివాళ్ళు పంచదార అడగడానికొస్తే గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పంపేసేది. ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లలో మనవాడే ఒకడు విరిగిన ఎముకలకు కట్టు కడతాడని, పొట్టి అన్నయ్య అంటారని తెలిసి నాన్నను పంపించాను. అతను వచ్చి, చెయ్యి లాగి, మినప్పిండిలో కోడిగుడ్డు సొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. లాగినప్పుడు పక్కింటికి వినబడకూడదని సూరిబాబు మా అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకున్నాడు. ఆ సొన ఎండిన వాసన ఆ గదిలో చాలా కాలం ఉండిపోయింది. ఇప్పటికీ నేను మినుములు నానబెట్టిన గిన్నె దగ్గరికి పోలేను.

రైల్వే ఆస్పత్రి మా వరస చివర మలుపు తిరిగితే వస్తుంది. ఎక్స్‌రే ఉంది, మంచి డాక్టర్లున్నారు, అంతా ఉచితం. మేము ఆ మలుపు తిరగలేదు. ఊళ్ళో నూతి దగ్గర జారిపడ్డాడు, నొప్పి ఎక్కువై బండెక్కి వచ్చేశాడు అని చెప్పొచ్చు కదా అని చదివేవాళ్ళకు తోచే ఉంటుంది. నాకూ తోచింది. పది రోజులయ్యాక మేం చెప్పింది సరిగ్గా ఆ అబద్ధమే. నాలుగోరోజే ఎందుకు చెప్పలేదంటే, ఇద్దరి సర్టిఫికెట్లూ ఒకే డాక్టరు ఒకే రోజున రాశాడు, ఒకే జబ్బు. టైఫాయిడ్ మనిషి నాలుగోరోజుకే విరిగిన చెయ్యితో దిగితే వాడి కాగితం తీసి చూస్తారు. వాడిది తీస్తే దాని కిందే నాది ఉంటుంది. ఆ నెలాఖరుకు నాకు ప్రమోషన్ పరీక్ష ఉంది. ఇంతకాలం ఇది ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న జీవితంలో నాతో చాలా తక్కువ మాట్లాడాడు. ఆరోనాడు అన్నం తింటూ మధ్యలో ఆపాడు. బండి కూత వినబడలేదు, ఊరికే ఆపాడు.

"ఆడి వేళ్ళు చూసేవేట్రా? నల్లబడిపోతన్నాయి. ఆస్పత్రికి తీసుకుపో."

"ఉద్యోగం పోతాది నాన్నా."

"ఎవుడిది?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయనే తీసుకెళ్ళొచ్చు కదా అని తర్వాత చాలాసార్లు కోపం తెచ్చుకున్నాను. కొడుకు ఉద్యోగం కదా, ఆయనకీ కాళ్ళు రాలేదు.

పది రోజులూ గడిచాక పలాస నుంచి వచ్చినట్టు సంచులు పట్టుకుని స్టేషన్ వైపునుంచి నడిచొచ్చాం. అప్పటికి ఎముక వంకరగా అతుక్కుపోయింది. ఆస్పత్రిలో మళ్ళీ విరిచి సరిచేయడానికి చూశారు. మొదటి రెండు రోజుల్లో తెచ్చి ఉంటే ఏమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. అది ఆయన సూరిబాబుతో కాదు, తోడొచ్చిన నాతో అన్నాడు. మణికట్టు తిరగదు, పిడికిలి సగమే మూసుకుంటుంది. ఇంజను ఉద్యోగానికి పనికిరాడని రాసి, కాల్‌మన్‌గా వేశారు. అంటే డ్రైవర్ల ఇళ్ళకు వెళ్ళి, డ్యూటీకి వేళయిందని తలుపు కొట్టి పిలిచే పని. రిటైరయ్యేదాకా వాడు అదే చేశాడు. ఎడమచేత్తో కొట్టేవాడు. వాడితో పాటు చేరినవాళ్ళంతా డ్రైవర్లయ్యారు, మెయిళ్ళు తోలారు, వాళ్ళ తలుపులూ వీడే కొట్టాడు. వాళ్ళమ్మ పలాసలోనే పోయింది. వాడు క్లబ్బుకు మళ్ళీ రాలేదు. నేనూ మానేశాను. అనిమేష్‌దా రోడ్డు మీద ఎదురైతే ఆగి పలకరించేవాడు, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

నేను ప్రమోషన్ పరీక్ష పాసయ్యాను. ఏడెనిమిదేళ్ళకు క్రమశిక్షణ ఫైళ్ళు చూసే సీటుకు వచ్చాను. అక్కడ నాకు తెలిసింది. మాలాగే ఊరి సర్టిఫికెట్ పెట్టి దొరికిపోయినవాళ్ళ ఫైళ్ళు బీరువా నిండా ఉన్నాయి. ఒకడు బావమరిది పెళ్ళిలో దొరికాడు, ఒకడు ఫుట్‌బాల్ ఆటలో. ఒక్కడికీ ఉద్యోగం పోలేదు. మందలింపు, లేదా ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపడం. అంతే. నేను ఆ ఫైళ్ళన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను, ఒక్కడైనా డిస్మిస్ అయి ఉంటాడేమోనని వెతికాను. ఒక్కడి ఉద్యోగమైనా ఊడి ఉంటే నాకు ప్రాణం లేచొచ్చేది. లేడు. ఆ సాయంత్రం సూరిబాబు ఇంటిదాకా వెళ్ళాను. వాడు కూతుర్ని ఎడమ భుజం మీద కూర్చోబెట్టుకుని నవ్వుతూ బయటికి వచ్చాడు. టీ తాగి వచ్చేశాను. ఇప్పుడు చెబితే ఉద్యోగమైనా నిలిచిందని వాడికి మిగిలిన ఊరట కూడా పోతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది దయ కాదు, భయం.

ఇప్పుడు ఆ రేకుల గది లేదు, అక్కడ మొబైల్ ఫోన్ల కొట్టు ఉంది. అనిమేష్‌దా పోయి చాలా కాలమైంది. మా ఎదుటి ఫ్లాట్లో సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే వరంగల్ అమ్మాయి ఒకతె శని, ఆదివారాలకు ఇంకో రోజు కలుపుకుని స్నేహితులతో గుట్టలెక్కడానికి పోతుంటుంది. సెలవెలా ఇస్తారమ్మా అని అడిగితే, ఫోన్ల లీవు పెడితే అయిపోతది అంకుల్, కారణం గూడ రాయనవసరం లేదు అంది. నెత్తికి హెల్మెట్టు, జేబులో ఇన్సూరెన్స్ కార్డు. మంచిదే, నాకు అసూయేమీ లేదు. ఆ పిల్లలకు ఏదైనా అయితే తిన్నగా ఆస్పత్రికే పోతారు. మాకు అప్పుడు అంతకంటే ఏం కావాలి? కానీ వాళ్ళను చూసినప్పుడల్లా కాలం మంచిగా మారిందన్న సంతోషం నాకు కలగదు. మారకముందు కూడా ఆస్పత్రి మలుపు తిరిగితే ఉంది.

సూరిబాబు కర్మకాండలన్నీ అయ్యాక వాళ్ళావిడ కాంతమ్మ ఒకసారి వచ్చి వెళ్ళమని కబురు పెట్టింది. వెళ్ళాను. కొడుకు, కోడలు, అల్లుడు అందరూ ఉన్నారు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, తను కింద పీట మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఒక మాట మీకు చెప్పాల. ఆయన ఎప్పుడూ అనేవోరు. ఆ రోజు రామ్మూర్తి నన్ను ఆస్పత్రికి పోనియ్యలేదు గనక ఈ ఇల్లు నిలబడింది, లేకపోతే ఉద్యోగం ఊడి పిల్లల్తో రోడ్డున పడుదుము అని. చెయ్యి పోతే పోయింది, అన్నం మిగిలింది అనేవోరు. పోయేముందు కూడా అన్నారు."

నేను నోరు తెరిచాను. తెరిచి మంచినీళ్ళు అడిగాను. కోడలు తెచ్చి ఇచ్చింది.

అస్థికలు గంగలో కలిపేశామని, పిడికెడు మాత్రం దాచామని కాంతమ్మ చెప్పింది. సుసునియా కింద ఊట నీళ్ళలో కలపమని అడిగాడట. వాళ్ళలో ఎవరూ అటు పోలేదు, ఎలా పోవాలో తెలీదు. ఇంటిల్లిపాదీ పదకొండు మంది, అందులో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇద్దరు, చంటిపిల్ల ఒకతె.

"మీరు ప్లాను వెయ్యండి అన్నయ్యా. మీరేస్తే మేం దేనికీ భయపడక్కర్లేదు" అంది.

కాగితం, పెన్ను తెచ్చి ఇచ్చారు. నేను రాశాను. ఏ బండి, ఛాత్నాలో ఎన్నింటికి దిగడం, అక్కడినుంచి ఏ వాహనం, మోకాళ్ళవాళ్ళకు ముందు సీటు, చంటిదానికి వేడినీళ్ళు, పొద్దున పూట రాయి తడిగా ఉంటుంది కాబట్టి ఎండ వచ్చాకే ఊట దగ్గరికి వెళ్ళడం. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. కాంతమ్మ ఆ కాగితం కళ్ళకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది. వచ్చే ఆదివారం ప్రయాణం. నేనూ వెళ్తున్నాను. దారిలో ఎక్కడో ఒకచోట ఆ ఫైళ్ళ సంగతీ నా పరీక్ష సంగతీ ఆమెకు చెప్పేయాలని అనుకుంటున్నాను. ఇన్నేళ్ళూ వాడి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ దారిలో ఇలాగే అనుకున్నాను.